మూడో గ్లాసు

మా పల్లెలో ఈ జబ్బుకు చాలాకాలం పేరు లేదు. 'ఆ జబ్బు' అనేవాళ్లు. అదీ గొంతు తగ్గించి అనేవాళ్లు. మశూచికి అమ్మవారని పేరు పెట్టి గుమ్మానికి వేపాకు కట్టినవాళ్లం మేం. క్షయకు పేరుంది, కుష్టుకు పేరుంది. దీనికి పేరు పెట్టడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు. పేరు పెడితే అది ఎవరింట్లో ఉందో చెప్పాలి. ఎవరింట్లో ఉందో చెబితే ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలి. అప్పుడు మగవాళ్ల సంగతి బయటికొస్తుంది. అందుకని పేరు లేకుండానే అది మా పల్లెలో ఏడుగురిని తీసుకుపోయింది. ఆ ఏడుగురిలో మా అక్క ఒకతి.

మాది గుంటూరు జిల్లా. ఊరి పేరు రాయను. రాస్తే మా అక్క కూతురి ఇల్లు ఎక్కడో తెలిసిపోతుంది. ఊరికి దక్షిణాన మాదిగపల్లె. మా నాయన చెప్పులు కుట్టాడు, డప్పు కొట్టాడు, ఆసాముల దగ్గర పాలేరుతనం చేశాడు. మా అమ్మ మిరపకాయల కోతకీ, పత్తి తీతకీ పోయేది. నేను ఎనిమిదో తరగతి దాకా చదివాను. 2006 నుంచి ఆశా కార్యకర్తగా పనిచేస్తున్నాను. ఇక్కడ రాసేదాంట్లో సగం ఆ పనిలో నేర్చుకున్నది. మిగతా సగం అంతకుముందే మా ఇంట్లో నేర్చుకున్నది.

మా అక్కకు 1993లో పెళ్లయింది. బావ లారీ క్లీనరు. తర్వాత డ్రైవరయ్యాడు. మిరపకాయల బస్తాలేసుకుని కలకత్తా పోయేవాడు. పోతే ఇరవై రోజులు, నెల రోజులు. బావ చెడ్డవాడని నేను అనను. అక్కను కొట్టలేదు. వచ్చేటప్పుడు మా అమ్మకు చీర తెచ్చేవాడు. మా పల్లెలో పదో తరగతి తప్పిన కుర్రాళ్లకు రెండే దార్లుండేవి, ఆసామి పొలమో లారీ క్యాబినో. క్యాబినులో కులం అడగరు, అందుకని అదే మేలనుకున్నారు. నెలల తరబడి ఇంటి మొహం చూడకుండా రోడ్డు మీద బతికే మగాడికి రోడ్డు ఏం ఇచ్చిందో వాడికే తెలియదు. వాడు తెచ్చింది తెలియకుండానే అక్కకిచ్చాడు. అక్క తెలియకుండానే కడుపులో బిడ్డకిచ్చింది.

మన దేశంలో ఈ క్రిమిని మొదట కనిపెట్టింది 1986లో, మద్రాసులో. 1992కల్లా ఢిల్లీలో దీనికోసం ఒక సంస్థ పెట్టారు. అంటే మా అక్క పెళ్లినాటికే పెద్దవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. మా పల్లెకి చెప్పినవాళ్లు లేరు. చెప్పినా ఏం చెప్పేవాళ్లు? 'చెడు తిరుగుళ్లు తిరగొద్దు, ఒక్కరితోనే ఉండండి' అనేవాళ్లు. మా అక్క ఒక్కరితోనే ఉంది. తాళి కట్టినవాడితోనే ఉంది. ఆ సలహా ప్రకారం తు.చ. తప్పకుండా నడిచి చచ్చిపోయింది.

ఎద్దును కొనేటప్పుడు మా నాయన దాని నోరు తెరిచి పళ్లు చూసేవాడు. సుడులు చూసేవాడు. నాలుగడుగులు నడిపించి చూసేవాడు. సంతలో మా నాయన మాటకు ఆసాములు కూడా విలువిచ్చేవాళ్లు. అలాంటివాడు పిల్లనిచ్చేటప్పుడు పిల్లాడికి రక్తపరీక్ష చేయించాలని ఎట్టా అనుకుంటాడు? ఆ మాటే ఆ రోజుల్లో పుట్టలేదు. ఇప్పుడు పుట్టింది. అయినా అడిగేవాళ్లు తక్కువ. కట్నం ఎంతో అడుగుతారు, సెంటు భూమి ఉందా లేదా అడుగుతారు. రక్తం సంగతి అడగరు. అడిగితే 'మా అబ్బాయిని అనుమానిస్తారా' అని లేచిపోతారని భయం. మా పల్లెలో నేను చెప్పేది ఒకటే. పిల్లకీ పిల్లాడికీ ఇద్దరికీ చేయించండి. ఇద్దరికీ అంటే అందులో అనుమానం ఉండదు. సర్కారు ఆసుపత్రిలో డబ్బు తీసుకోరు. క్రిమి ఒంట్లో చేరిన కొత్తలో పరీక్షకు దొరక్కపోవచ్చు, అందుకని మూడు నెలలాగి మళ్లీ ఒకసారి చేయించుకుంటే నిజం తేలుతుంది. నిశ్చితార్థానికీ పెళ్లికీ మధ్య మూడు నెలల ఎడం పెట్టుకుంటే కొంపేం మునగదు.

బావ 1999లో పోయాడు. విరేచనాలు, జ్వరం, మనిషి ఎండుపుల్లయ్యాడు. పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. పేరెందుకులే. అక్కడ మంచం ఇయ్యలేదు, వరండాలో చాప మీద పడుకోబెట్టారు. ఒకామె కాగితం పట్టుకుని వచ్చి వరండా అంతా వినబడేట్టు, 'ఈ ఎయిడ్స్ కేసు తాలూకు ఎవరమ్మా?' అంది. అందరూ మావైపు తిరిగి చూశారు. అక్క ఒళ్లో పద్నాలుగు నెలల పిల్ల ఉంది. ఆ మాటతో మాకు జబ్బు పేరు తెలిసింది. అది ఎట్టా వస్తుందో, ఎట్టా రాదో, ఈ ఆడమనిషికీ పిల్లకీ పరీక్ష చెయ్యాలనో చెప్పినవాళ్లు లేరు. చేతులకు రెండు జతల తొడుగులేసుకుని బావను కర్రతో కదిపి చూశారు. మమ్మల్ని ముట్టుకోకపోవడం మాకు కొత్తేం కాదు గనక అది కులానికా జబ్బుకా అని ఆ రోజు మేం తేల్చుకోలేకపోయాం.

ఇప్పుడు దానికి చట్టం ఉంది. హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టం 2017లో చేశారు, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చింది. మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చెయ్యకూడదు. ఫలితం ఊరంతా చాటకూడదు. జబ్బుందని వైద్యం మానకూడదు, ఉద్యోగంలోంచి తీసెయ్యకూడదు, బడిలోంచి పంపెయ్యకూడదు. ఇంట్లోంచి వెళ్లగొట్టకూడదు. ఈ చివరి మాట దగ్గర నేనెప్పుడూ ఆగిపోతాను.

ఎందుకంటే బావ దినం కాకముందే అక్కను అత్తింటివాళ్లు వెళ్లగొట్టారు. 'మా కొడుకును మింగావు, నువ్వే తగిలించావు' అన్నారు. ఇరవై రోజులు రోడ్డు మీద తిరిగినవాడు అమాయకుడు. మిరపచేలో వంగి కాయలు కోసేది దోషి అయింది. బావ పేరున అర ఎకరం బంజరు పట్టా ఉండేది, అది వాళ్లకు మిగిలింది. అక్క పిల్లను చంకనేసుకుని, రేకుపెట్టె నెత్తినపెట్టుకుని మా అమ్మ దగ్గరికొచ్చింది.

ఇక నేను చెప్పాల్సిన మాట చెబుతాను. మా కులపోళ్లకు కోపం వచ్చినా చెబుతాను.

మా ఊళ్లో టీ కొట్టు దగ్గర రెండు గ్లాసులుండేవి. ఊరివాళ్లకు లోపల గాజు గ్లాసులు. మాకు బయట చూరు కింద సత్తు గ్లాసులు. తాగి మేమే కడిగి బోర్లించాలి. దానిమీద మా పల్లె కుర్రాళ్లు కొట్లాడారు. కారంచేడు తర్వాత, చుండూరు తర్వాత మా పల్లెలో మీటింగులు జరిగాయి. 'అంటరానితనం నేరం' అని మా చర్చి గోడ మీద నీలిరంగుతో రాశారు. ఆ చర్చి గోడకు ఎదురుగానే మా ఇల్లు. ఆ ఇంటికొచ్చిన అక్కకు మా పల్లెలోనే మూడో గ్లాసు పెట్టారు. ఎవరింటికి పోయినా విడిగా ఒక సొట్ట గ్లాసు. బోరింగు దగ్గర అక్కను కొట్టనిచ్చేవాళ్లు కాదు. ఎవరన్నా జాలిపడి కొట్టి బిందె నింపేవాళ్లు. ఎవరూ లేనప్పుడు అక్కే కొట్టుకుంటే, తర్వాత వచ్చినామె బోరింగు పిడిని బూడిదేసి కడిగేది. ఊరివాళ్లు మా నీడను కడిగినట్టు మా పల్లె మా అక్క చేతిని కడిగింది.

అక్క ఒకరోజు నాతో అంది, "ఊళ్లో గ్లాసు విడిగా పెడితే మన మగోళ్లు కర్రలు తీసుకున్నారు గదే. ఈడ పెడితే ఎవురు తీసుకుంటారు?"

నా దగ్గర జవాబు లేదు. నాకప్పటికి ఈ జబ్బు గురించి తెలిసింది సున్న.

ఇప్పుడు తెలుసు గనక రాస్తున్నాను. ఈ క్రిమి రక్తంలో ఉంటుంది, వీర్యంలో ఉంటుంది, ఆడవాళ్ల యోనిస్రావంలో ఉంటుంది, చనుబాలలో ఉంటుంది. గ్లాసులో ఉండదు. బోరింగు పిడి మీద ఉండదు. ఎంగిలిలో, చెమటలో, కన్నీళ్లలో అంటుకోదు. దోమ మోసుకు రాదు. ఒక కంచంలో తిన్నా, ఒక చాప మీద పడుకున్నా, పిల్లను ముద్దుపెట్టుకున్నా రాదు. వచ్చే దార్లు నాలుగే. కండోమ్ లేని కాపురం, క్రిమి ఉన్న రక్తం ఎక్కించడం, ఒకరికి వాడిన సూది ఇంకొకరికి గుచ్చడం, తల్లినుంచి బిడ్డకు. ఈ నాలుగు దార్లకీ అడ్డం కట్టొచ్చు. మా పల్లె ఈ నాలుగూ వదిలేసి గ్లాసుకు అడ్డం కట్టింది.

అక్క 2001లో పోయింది. పోయినరోజు నీళ్లు పోయడానికి ఎవరూ ముందుకు రాలేదు. చచ్చిన గొడ్డును ఊళ్లోంచి ఈడ్చుకొచ్చి, తోలు వలిచి, ఊరంతటికీ చెప్పులు కుట్టిపెట్టిన జాతి మాది. అలాంటి మా చేతులు మా ఆడబిడ్డ పీనుగను ముట్టడానికి వణికాయి. మా అమ్మ, నేను, మా మేనత్త, ఇంకొక ముసలామె, నలుగురం కలిసి నీళ్లు పోశాం. ఆ ముసలామె చిన్నప్పుడు మాతంగిగా వదిలేసిన మనిషి. ఊరు ఆమెను దేవత పేరుమీద వాడుకుంది, పల్లె ఎంగిలిదని దూరం పెట్టింది. ఆమె ఒక్కతే ఏం ఆలోచించకుండా వచ్చింది.

ఆమెను చూసినప్పుడల్లా నాకు ఒక సంగతి గుర్తొస్తుంది. జోగిని, బసివి, మాతమ్మ, మాతంగి, ఏ పేరైనా పెట్టండి, ఆ పిల్లలందరూ మాదిగ మాల ఇళ్లనుంచే ఎక్కువ. వదలడాన్ని నిషేధిస్తూ 1988లో మన రాష్ట్రంలో చట్టం చేశారు. ఎయిడ్స్ గురించి మాట్లాడేవాళ్లు 'మీ శరీరం మీ ఇష్టం, వద్దంటే వద్దనండి' అంటారు. మంచి మాటే. అయితే పొలంగట్టు మీద ఆసామి కొడుకు చెయ్యి పట్టుకుంటే వద్దనే హక్కు కూలికొచ్చిన పిల్లకు ఎవరిచ్చారు? రేపు కూలికి పిలుస్తాడా లేదా అన్న భయం కడుపులో ఉన్న మనిషి కండోమ్ సంగతి ఎట్టా ఎత్తుతుంది? ఆ భూమి సంగతి, కూలి సంగతి, కులం సంగతి వదిలేసి ఈ జబ్బు గురించి మాట్లాడితే మా ఆడవాళ్లకు అది సగం మాటే.

అందుకని ఆ మిగతా సగం కూడా చెబుతాను. ఎవడన్నా బలవంతం చేస్తే మొదట పోవాల్సింది ఆసుపత్రికి. పంచాయితీకి కాదు. 72 గంటల్లోపు మందు మొదలుపెట్టి 28 రోజులు మింగితే క్రిమి ఒంట్లో స్థిరపడకుండా ఆపే వీలుంది. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు. మూడు రోజులు దాటితే ఆ మందు పనిచెయ్యదు. మా పల్లెల్లో ఆ మూడు రోజులూ పెద్దమనుషుల కాళ్లు పట్టుకోవడంలోనే అయిపోతాయి. ఇలాంటి ఆడమనిషి వస్తే సర్కారు ఆసుపత్రైనా ప్రైవేటు ఆసుపత్రైనా డబ్బు తీసుకోకుండా వెంటనే వైద్యం చెయ్యాలని 2013 నుంచి చట్టంలో ఉంది. పోలీసు కాగితం తెచ్చేదాకా ఆగమనకూడదు.

2003 ప్రాంతంలో ఎటు చూసినా 'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?' అని బోర్డులు పెట్టారు. రోడ్ల మీద, బస్టాండుల్లో, గోడల మీద. జనం నవ్వుకున్నారు, పిల్లకాయలు పాటలు కట్టారు. మగవాళ్లు కొందరు దాన్ని చూసే కండోమ్ పేరు పైకి అనడం నేర్చుకున్నారు, అది కాదనను. మా అమ్మ మాత్రం ఆ బోర్డు కింద నిలబడి నన్ను అడిగింది, "ఈ పులిరాజాకు పెళ్లాం లేదంటనా? దాని సంగతి రాయరే?"

మా అమ్మ చదువుకోలేదు. అయినా లెక్క ఆమే సరిగ్గా కట్టింది. 2021 అంచనాల ప్రకారం మన దేశంలో ఈ క్రిమితో బతుకుతున్నవాళ్లు 24 లక్షలు. అందులో నూటికి 45 మంది దాకా ఆడవాళ్లు. మన ఆంధ్రప్రదేశ్‌లోనే 3 లక్షలకు పైగా ఉన్నారు. వాళ్లలో ఎంతోమంది ఆడవాళ్లు పులిరాజా పెళ్లాలే. కాపురం తప్ప వేరే ఎక్కడికీ పోనివాళ్లే.

2006లో నన్ను ఆశాగా తీసుకున్నప్పుడు మా పల్లె ఆడవాళ్లతో మొదట మాట్లాడింది డ్వాక్రా సంఘం మీటింగులో. పొదుపు పుస్తకాలు సర్దుకున్నాక కండోమ్ పొట్లం తీసి చాప మీద పెట్టాను. పైటలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఒకామె అంది, "నాకెందుకే ఇయ్యి, నాకు ఆపరేషనై ఎనిమిదేళ్లయింది." నాకు ఒళ్లు జలదరించింది. ఆ మాట అన్నది ఆమె ఒక్కతే గానీ అందరి మనసులో ఉన్నది అదే. మన ఆంధ్రదేశంలో ఇద్దరు పిల్లలు పుట్టగానే ఆడదానికి ఆపరేషన్ చేయిస్తారు. పాతికేళ్లు నిండకుండానే చాలామందికి అయిపోతుంది. ఇక కండోమ్‌తో పనేముంది అనుకుంటారు. ఆపరేషన్ కడుపు రాకుండా ఆపుతుంది. జబ్బును ఆపదు. కాపర్‌టీ ఆపదు. మాత్రలు ఆపవు. జబ్బును ఆపేది కండోమ్ ఒక్కటే. ఈ మాట మా పల్లెలో ఇంటింటికీ చెప్పడానికి నాకు రెండేళ్లు పట్టింది.

మొగుడితో ఎట్టా అనాలి అనేది ఇంకో సమస్య. 'తొడుక్కో' అంటే 'నామీద అనుమానమా' అంటాడు. లేకపోతే 'నీకెవడు నేర్పాడే' అంటాడు. రెండు మాటలకీ చివర దెబ్బే. మా ఆడవాళ్లే దీనికి ఉపాయాలు కనిపెట్టారు. పిల్లల ఎడం కావాలి, డాక్టరమ్మ చెప్పిందని ఒకామె అంటుంది. ఆపరేషనైనామె, 'నాకు లోపల పుండుంది, తగ్గేదాకా ఇది వాడమన్నారు, లేకపోతే నీకంటుతుందన్నారు' అంటుంది. నీకంటుతుంది అనేసరికి మొగుడు మాట వింటాడంట. ఇది అబద్ధం గదా అని ఎవరన్నా అంటే అనుకోనివ్వండి. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఆడదానికి నిజం చెప్పి బతికే వీలు ఇచ్చిన రోజున అబద్ధాలు మానేస్తాం.

నిజంగానే పుండో, దురదో, వాసనతో తెల్లబట్టో, పొత్తికడుపులో నొప్పో ఉంటే దాచుకోకూడదు. సుఖవ్యాధులంటారు వాటిని. సుఖం ఎవరిదో గానీ వ్యాధి మాత్రం మాది. పుండున్న చోట ఈ క్రిమికి తలుపు తీసిపెట్టినట్టే. పైగా మగవాడినుంచి ఆడదానికి అంటుకోవడం, ఆడదానినుంచి మగవాడికి అంటుకోవడం కన్నా సులువు. శరీరం తీరే అంత. మందు ఒక్కరే మింగితే లాభం లేదు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ మింగాలి, లేకపోతే తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెడుతుంది. ఊళ్లోకొచ్చే ఆర్‌ఎంపీ సూది వేస్తానంటే కొత్త సూది కవరు మన కళ్లముందు చింపమనాలి. రక్తం ఎక్కించాల్సి వస్తే పరీక్ష చేసిన రక్తమేనా, లైసెన్సున్న బ్లడ్ బ్యాంకుదేనా అని అడగాలి. అడిగితే విసుక్కుంటారు. విసుక్కుంటే విసుక్కోనీ.

ఒక సంగతి ఆలోచించండి. ఇంట్లో ఇల్లాలు అడగలేని మాటను ఒళ్లమ్ముకుని బతికే ఆడవాళ్లు అడగడం నేర్చుకున్నారు. 1992లో కలకత్తా సోనాగాచిలో వాళ్లలోనే కొందరు గదిగదికీ తిరిగి చెప్పడం మొదలుపెట్టారు. 1995లో దర్బార్ అని సంఘం పెట్టుకున్నారు. ఒక్కతే వద్దంటే గిరాకీ పక్క గదికి పోతాడు. అన్ని గదుల్లోనూ వద్దంటే ఎక్కడికి పోతాడు? మా బావ లారీ తోలుకుపోయిన ఊరే అది. అక్కడి ఆడవాళ్లకు తెలిసింది ఇక్కడ మా అక్కకు తెలిసుంటే అనుకుంటాను. తెలిసినా ఆమె ఒక్కతి ఏం చేసేది? సంఘం ఉంటే చేసేది. మా పల్లెలో ఇప్పుడు ఒకడు పెళ్లాన్ని ఈ సంగతిలో కొడితే మిరపకోత గుంపు గుంపంతా పోయి వాడి ఇంటిముందు కూచుంటుంది. ఎవరూ ఉపన్యాసం చెప్పరు. కూచుంటారంతే.

ఇక అక్క కూతురు. అక్క పోయినప్పుడు దానికి మూడేళ్లు. ఎప్పుడూ జ్వరం, మెడ కింద గడ్డలు. 2005లో పరీక్ష చేయిస్తే ఉందన్నారు. మన దేశంలో ఈ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది 2004 ఏప్రిల్ 1న. అక్క ఇంకో మూడేళ్లు బతికుంటే చాలు. పిల్లలకు సరిపడే మందులు 2006 ఆఖర్లో వచ్చాయి. 2007 నుంచి పిల్ల మింగుతోంది. పొద్దున, రాత్రి, గడియారం చూసి. పరీక్షలున్నా, పండగొచ్చినా, జ్వరమొచ్చినా మానలేదు. మా ఇంట్లో దానికి వేరే గ్లాసు లేదు. నా పిల్లలూ అదీ ఒకే కంచంలో తిని పెరిగారు. ఇప్పుడైతే రోజుకు ఒకటే మాత్ర.

పిల్లకు పదహారేళ్లప్పుడు నన్ను అడిగింది, "సిన్నమ్మా, మా అమ్మ నాకు ఇచ్చింది ఇదొక్కటేనా?" నేను రేకుపెట్టెలోంచి అక్క చీర తీసి ఇచ్చాను. దాని కోపం పోలేదు. కోపం ఉండనీ అన్నాను, కోపం మీ అమ్మ మీద కాకుండా ఉంటే చాలన్నాను.

2020లో దానికి పెళ్లి చేశాం. పిల్లాడు కూడా మందులు మింగేవాడే. ఇద్దరూ ఒకరి కాగితాలు ఒకరు చూసుకున్నాకే మాకు చెప్పారు. మా పల్లెలో అంత తెరిచి మాట్లాడుకుని చేసుకున్న పెళ్లి నేను ఇంకోటి చూడలేదు. 2022లో కడుపుతో ఉందంటే మా అమ్మ ఏడ్చింది. సంతోషంతో కాదు, భయంతో. 'మళ్లీ ఇంకొకటా' అంది.

అప్పుడు నేను మా అమ్మకు చెప్పిందే ఇక్కడ రాస్తాను. మందు లేకపోతే తల్లినుంచి బిడ్డకు వచ్చే ప్రమాదం నూటికి 15 నుంచి 45 దాకా ఉంటుంది. తల్లి మందు మింగుతూ ఉంటే అది నూటికి 5 కంటే తక్కువకు దిగుతుంది. అందుకే కడుపు పడిన మొదటి మూడు నెలల్లోనే ప్రతి ఆడదానికీ ఈ పరీక్ష చేయించాలి. ఉన్నట్టు తేలితే ఆ రోజునుంచే మందు, జీవితాంతం. కాన్పు ఆసుపత్రిలోనే కావాలి. పుట్టిన బిడ్డకు ఆరు వారాలు సిరప్ పొయ్యాలి. తల్లిపాలు ఇవ్వొచ్చు. ఇస్తే ఆరు నెలలు ఒట్టి తల్లిపాలే ఇవ్వాలి. చనుబాలు ఒక పూట, డబ్బాపాలో గేదెపాలో ఒక పూట కలిపి ఇవ్వకూడదు, కలిపితేనే ప్రమాదం పెరుగుతుంది. ఇందులో ఏ ఒక్కటి చెప్పినవాళ్లున్నా 1998లో పుట్టిన మా పిల్ల సంగతి ఇంకోలా ఉండేదేమో. అప్పటికి ఆ మందులు మాలాంటివాళ్లకు అందే రోజులు కావు.

మందు సరిగ్గా మింగితే రక్తంలో క్రిమి లెక్కకు అందనంత తగ్గిపోతుంది. దాన్ని వైరల్ లోడ్ పరీక్షతో చూస్తారు. అట్టా తగ్గి, తగ్గినట్టే నిలబడితే కాపురంలో ఒకరినుంచి ఒకరికి అంటదు. ఇది పెద్ద పెద్ద పరిశోధనల్లో తేలిన మాట. అంటే మందు మింగడం తన ప్రాణానికే కాదు, పక్కవాళ్లకూ కాపలా. అట్టాగని జబ్బు మొత్తం పోయిందని మానెయ్యకూడదు. మానేస్తే క్రిమి మళ్లీ లేస్తుంది. నాటుమందుతో పూర్తిగా తగ్గిస్తామని వేలకు వేలు గుంజేవాళ్లు ఊరూరా ఉన్నారు. వాళ్ల మాట విని మాత్రలు మానేసినవాళ్లను ఇద్దర్ని మా పక్క పల్లెలో పూడ్చాం.

పాపకు ఆరు వారాలప్పుడు ఒకసారి, ఆరు నెలలకు, ఏడాదికి పరీక్ష చేశారు. ఆఖరి పరీక్ష పద్దెనిమిది నెలలకు. 2024లో ఆ కాగితం వచ్చింది. లేదు అని ఉంది. నేను ఇంటికి రాగానే మా అమ్మ చేతిలో పెట్టాను. చదవడం రాదు గదా, తిరగేసి పట్టుకుని చాలాసేపు చూసింది. "మీ అక్కకు చెప్పాలి" అంది. సాయంత్రం సమాధుల దొడ్డికి పోయి చెప్పొచ్చింది.

మా పల్లెలో ఇంకా పదకొండు మంది మందులు మింగుతున్నారు. వాళ్లెవరో నాకు తెలుసు, వాళ్లకు తెలుసు. మూడోవాళ్లకు తెలియదు. తెలియకుండా కాపాడటం నా పనిలో మొదటిది. ఒకామె పరీక్ష సంగతి బయటికి పొక్కితే పక్కనున్న పదిమంది పరీక్షకు రారు. మన నోరు కట్టేసుకోవడం కూడా ఇంకొకరిని కాపాడటమే. జబ్బుందని తేలిన ఆడది మొగుడికి చెబితే కొడతాడు, వెళ్లగొడతాడు అనే భయం ఉంటే ఆ సంగతి సలహా ఇచ్చేవాళ్లతో ముందే చెప్పొచ్చు. చంపేసేవాడి దగ్గరికి వాళ్లంతట వాళ్లు పోయి చెప్పకూడదని ఆ చట్టంలోనే ఉంది.

ఇదంతా చదివిన అక్కచెల్లెళ్లకు అడగడానికి నాలాంటి మనిషి దగ్గర్లో లేకపోతే 1097కి ఫోను చెయ్యండి. డబ్బు పడదు. పేరు చెప్పనక్కర్లేదు. తెలుగులోనే మాట్లాడతారు. కులం అడగరు.